అతివాహకం నుంచి బంధకానికి: పలుచని ఫిల్మ్‌లో క్వాంటమ్ ప్రావస్థ మార్పును కొలిచే పద్ధతి

క్రమరాహిత్యం (పరమాణువుల అమరికలో గందరగోళం) ఎక్కువగా ఉన్న పలుచని అతివాహక ఫిల్మ్‌ని డైల్యూషన్ ఫ్రిజ్‌లో (మిల్లీకెల్విన్ల దాకా చల్లబరిచే యంత్రంలో) పెట్టి, అయస్కాంత క్షేత్రాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ నిరోధం కొలవండి. తక్కువ క్షేత్రంలో చల్లబరిచేకొద్దీ నిరోధం సున్నా వైపు పడిపోతుంది. ఎక్కువ క్షేత్రంలో అదే ఫిల్మ్ నిరోధం, చల్లబరిచేకొద్దీ మెగాఓములు దాటి ఎగబాకుతుంది. ఈ రెంటికీ నడుమ ఒక క్షేత్రం దగ్గర మాత్రం నిరోధం ఉష్ణోగ్రతతో మారకుండా నిలబడిపోతుంది. దాన్నే సందిగ్ధ క్షేత్రం అంటాం. వేర్వేరు ఉష్ణోగ్రతల్లో తీసిన సమోష్ణ వక్రాలన్నీ అక్కడే ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి.

ఆ ఖండన బిందువు దొరకడం పెద్ద కష్టం కాదు. అది పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గర జరిగే క్వాంటమ్ మార్పుకు నిజమైన ఆనవాలా, లేక ఎలక్ట్రాన్లు థర్మామీటర్ చూపినంత చల్లబడకపోవడం వల్ల పుట్టిన భ్రమా అన్నది తేల్చడమే అసలు పని. అందుకే ఇక్కడ ఫిల్మ్ తయారీ కన్నా వైరింగ్‌కీ, లెక్కల కన్నా సరిచూసుకునే పరీక్షలకీ ఎక్కువ చోటు ఇచ్చాం.

ఏం వెతుకుతున్నామో ముందు రెండు మాటల్లో. 1989లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో హావిలాండ్, లియూ, గోల్డ్‌మన్ అస్ఫటిక బిస్మత్ ఫిల్మ్ మందాన్ని అంచెలంచెలుగా పెంచుతూ కొలిచారు. షీట్ నిరోధం (ఫిల్మ్‌లో ఒక చదరపు ముక్క నిరోధం) 6.45 కిలోఓముల దరిదాపుల్లో ఉన్నప్పుడు ఫిల్మ్ బంధకం వైపు నుంచి అతివాహకం వైపు తిరిగింది. ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఆవేశ వర్గానికి నాలుగు రెట్లతో భాగిస్తే వచ్చే విలువ అదే. ఆ నాలుగు, కూపర్ జంట (అతివాహకంలో జతకట్టి కదిలే రెండు ఎలక్ట్రాన్లు) ఆవేశం రెండు ఎలక్ట్రాన్లది కాబట్టి వచ్చింది. 1990లో మాథ్యూ ఫిషర్ దీనికి ఒక చిత్రం ఇచ్చాడు: అతివాహకంలో కూపర్ జంటలు స్వేచ్ఛగా పారుతుంటే సుడులు (అయస్కాంత క్షేత్రం ఫిల్మ్‌లోకి చొరబడే చోట తిరిగే కరెంట్లు) ఇరుక్కుపోయి ఉంటాయి, బంధకంలో సుడులు పారుతుంటే జంటలు ఇరుక్కుపోతాయి. అదే ఏడాది బెల్ ల్యాబ్స్‌లో హెబార్డ్, పాలనెన్ అస్ఫటిక ఇండియం ఆక్సైడ్‌లో క్షేత్రంతో ఈ మార్పును చూపి, వక్రాలన్నిటినీ ఒకే గీత మీదికి తెచ్చారు. మనం చేయబోయేది ఈ రెండో రకం ప్రయోగం.

పదార్థం ఎంపిక

మొదటిసారి చేసేవాళ్లకు అస్ఫటిక ఇండియం ఆక్సైడ్‌నే సూచిస్తాం. ఒకే శాంపిల్‌ని కొద్దిగా వేడిచేసి క్రమరాహిత్యాన్ని మార్చుకోవచ్చు, మళ్లీ చల్లబరిచి మళ్లీ కొలవచ్చు. ఈ వెసులుబాటు మిగతా పదార్థాల్లో ఇంత తేలిగ్గా దొరకదు. మాలిబ్డినమ్-జర్మేనియం స్పటర్ చేస్తే (అయాన్ల తాకిడితో పూత వేస్తే) ఏకరీతిగా వస్తుంది. కానీ అందులో బంధకం వైపు నిరోధం పెరుగుదల చాలా మెత్తగా ఉంటుంది, కొత్తవాళ్లకు ఖండన స్పష్టంగా కనబడదు. టైటానియం నైట్రైడ్, నయోబియం నైట్రైడ్ గట్టి పదార్థాలే గానీ, కావలసినంత క్రమరాహిత్యానికి ఫిల్మ్‌ని తీసుకురావడానికి వృద్ధి పరిస్థితులతో చాలా కుస్తీ పట్టాలి.

ఫిల్మ్ తయారీ

ఆక్సైడ్ పొర ఉన్న సిలికాన్ ముక్క సరిపోతుంది. ఫిల్మ్ కన్నా ముందే కాంటాక్టులు వేసుకోండి: టైటానియం 3 నుంచి 5 నానోమీటర్లు, దాని మీద బంగారం 15 నుంచి 20 నానోమీటర్లు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫిల్మ్ 30 నానోమీటర్లే ఉన్నప్పుడు కాంటాక్టుని 60 నానోమీటర్లు వేస్తే, దాని అంచు దగ్గర ఫిల్మ్ మెట్టు ఎక్కలేక తెగిపోతుంది. గది ఉష్ణోగ్రతలో అంతా బాగానే ఉన్నట్టు కనబడుతుంది. చల్లబరిచాక కాంటాక్ట్ నిరోధం వందల కిలోఓములకు పోయి, అక్కడ పుట్టే వేడి కొలతంతటినీ చెడగొడుతుంది. కాంటాక్ట్ మందం ఎప్పుడూ ఫిల్మ్ మందం కన్నా తక్కువే ఉండాలి.

ఆకారం హాల్ బార్, అంటే రెండు పక్కలా వోల్టేజ్ ప్రోబులు ఉన్న పొడవాటి పట్టీ. వెడల్పు 100 మైక్రోమీటర్లు, వోల్టేజ్ ప్రోబుల మధ్య దూరం 200 మైక్రోమీటర్లు పెట్టుకుంటే రెండు చదరాలు వస్తాయి. కొలిచిన నిరోధాన్ని రెండుతో భాగిస్తే షీట్ నిరోధం. ఒకే బార్ మీద కనీసం మూడు జతల ప్రోబులు ఉంచండి, కారణం కింద చెబుతాం. బార్ ఆకారాన్ని లోహపు మాస్క్‌తో గానీ, లిఫ్ట్-ఆఫ్‌తో గానీ తెచ్చుకోండి. లిఫ్ట్-ఆఫ్ (రెసిస్ట్ అనే పాలిమర్ పొర మీద ఫిల్మ్ వేసి, ఆ పొరను కరిగించి అక్కర్లేని భాగాన్ని తీసేయడం) అయితే రెసిస్ట్‌ని బేక్ చేసే పనంతా ఫిల్మ్ వేయక ముందే అయిపోవాలి. ఫిల్మ్ వేశాక 100 డిగ్రీలు దాటిన హాట్ ప్లేట్ మీద రెండు నిమిషాలు పెట్టినా మీరు తయారుచేసుకున్న క్రమరాహిత్యం వేరే ఏదో అయిపోతుంది.

ఎలక్ట్రాన్ బీమ్ ఎవాపరేటర్‌లో స్వచ్ఛమైన ఇండియం ఆక్సైడ్ బిళ్లలు పెట్టి, ముందు ఛాంబర్‌ని 10⁻⁶ టార్ కన్నా కిందికి దించండి. తర్వాత లీక్ వాల్వ్ ద్వారా పొడి ఆక్సిజన్ వదిలి, పీడనాన్ని 10⁻⁵ నుంచి 10⁻⁴ టార్ మధ్య ఒక విలువ దగ్గర నిలపండి. ఏ విలువ అన్నది మీ పంపు, మీ ఛాంబర్ తేల్చే విషయం. నాలుగైదు ప్రయత్నాల్లో పట్టు దొరుకుతుంది. ఆక్సిజన్ ఎక్కువైతే వాహక ఎలక్ట్రాన్లు తగ్గి ఫిల్మ్ బంధకం వైపు జరుగుతుంది, తక్కువైతే లోహపు ఇండియం గుళికలు కలిసిపోతాయి. షట్టర్ తెరవక ముందు పావుగంట పీడనం కదలకుండా ఉందో లేదో చూడండి. వేసేటప్పుడు మధ్యలో పీడనం జారితే ఫిల్మ్ అడుగు ఒక కూర్పుతో, పై భాగం ఇంకో కూర్పుతో వస్తుంది. దాన్ని తర్వాత ఏ ఎనీలింగూ (కొద్దిగా వేడిచేసి ఉంచడం) సరిచేయలేదు. సెకనుకు అర ఆంగ్‌స్ట్రామ్ వేగం మంచిది.

గది ఉష్ణోగ్రతలో షీట్ నిరోధం 2 నుంచి 5 కిలోఓముల మధ్య ఉంటే పని మొదలుపెట్టొచ్చు. అంతకన్నా చాలా ఎక్కువ వస్తే పారేయకండి. వాక్యూమ్‌లో 40 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి నిరోధాన్ని గమనిస్తూ ఉండండి. మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. వేడిగా ఉన్నప్పుడు కనబడే అంకెను నమ్మకండి. గది ఉష్ణోగ్రతకు దించాక వచ్చేదే లెక్క. బల్ల మీద ఊరికే ఉంచినా ఈ ఫిల్మ్ వారాల తరబడి మారుతూనే ఉంటుంది. తయారైన రోజుల్లోనే చల్లబరచండి, లేదా ఫ్రీజర్‌లో దాచండి. టంకం కాడ దగ్గరికి తేకండి, వేడితో గట్టిపడే జిగుర్లు వాడకండి. వైర్ బాండింగ్‌కి స్టేజిని వేడిచేయనక్కర్లేని అల్యూమినియం వెడ్జ్ బాండింగే సరైనది. సున్నా క్షేత్రంలో అల్యూమినియం 1.2 కెల్విన్ కింద తానే అతివాహకమై వేడిని సరిగా మోయదు. మన కొలతలు టెస్లాల్లో జరుగుతాయి కాబట్టి అక్కడ ఆ ఇబ్బంది ఉండదు. సున్నా క్షేత్రపు కొలతల్లో మాత్రం ఇది గుర్తుండాలి.

డైల్యూషన్ ఫ్రిజ్‌కి ఎక్కించే ముందు హీలియం డిప్‌స్టిక్‌తోనో చిన్న క్రయోస్టాట్‌తోనో ఒకసారి చల్లబరిచి చూడండి. ఇందులో చూసుకోవలసినవి రెండు. మూడు జతల ప్రోబులూ ఇచ్చే షీట్ నిరోధాలు రెండు మూడు శాతం లోపే తేడా చూపాలి. సందిగ్ధ క్షేత్రం షీట్ నిరోధాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఫిల్మ్ ఈ చివర ఒకలా ఆ చివర ఒకలా ఉంటే ఖండన బిందువు అలుక్కుపోతుంది. రెండోది, నిరోధం పడిపోయే వంపు. ఏకరీతి ఫిల్మ్‌లో క్రమరాహిత్యం పెరిగేకొద్దీ ఆ వంపంతా తక్కువ ఉష్ణోగ్రత వైపు జరుగుతుంది. గుళికల ఫిల్మ్‌లో వంపు మొదలయ్యే ఉష్ణోగ్రత కదలదు. పొడవాటి తోక మాత్రం పెరుగుతుంది, కొన్నిసార్లు నిరోధం కొంత దిగి మళ్లీ పైకి లేస్తుంది. గుళికలదీ ఆసక్తికరమైన భౌతికశాస్త్రమే, కానీ అది వేరే ప్రయోగం. రెండు మెట్లుగా పడితే ఫిల్మ్‌లో రెండు ప్రాంతాలున్నట్టు. దాన్ని పక్కన పెట్టేయండి.

ఫిల్మ్ రెండు మితులదేనా అన్నది కూడా లెక్క చూసుకోండి. ఎగువ సందిగ్ధ క్షేత్రం (అతివాహకత పూర్తిగా పోయే క్షేత్రం) నుంచి కోహరెన్స్ పొడవు (కూపర్ జంట పరిమాణం) వస్తుంది. 10 టెస్లా అయితే సుమారు 5.7 నానోమీటర్లు. 30 నానోమీటర్ల ఫిల్మ్ దీనికన్నా మందమే. అయితే మార్పు దగ్గర పడేకొద్దీ సహసంబంధ పొడవు (హెచ్చుతగ్గులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండే దూరం) పెరిగి ఫిల్మ్ మందాన్ని మించిపోతుంది, అప్పుడే రెండు మితుల స్కేలింగ్ (వక్రాలన్నిటినీ ఒకే గీత మీదికి తెచ్చే సూత్రం) వర్తిస్తుంది. మార్పుకు దూరంగా తీసిన డేటాని ఆ సూత్రంలో కూరకూడదనడానికి ఇదొక కారణం.

వైరింగ్, ఫిల్టర్లు

ఒక చిన్న లెక్క దగ్గరగా చూడండి. రెండు చదరాల శాంపిల్ నిరోధం 10 కిలోఓములు, కరెంట్ 1 నానోఆంపియర్ అనుకుందాం. పుట్టే వేడి 10 ఫెమ్టోవాట్లు. ఇప్పుడు గది ఉష్ణోగ్రతలో ఉన్న వైరు చివర నుంచి వచ్చే ఉష్ణ నాయిస్ సంగతి చూద్దాం. 300 కెల్విన్ దగ్గర 1 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌లో అందుబాటులో ఉండే సామర్థ్యం 4 పికోవాట్లు, అంటే మన కొలత వేడికి 400 రెట్లు. ఇంపిడెన్స్ సరిపోలక అందులో వందో వంతే శాంపిల్‌కి చేరిందనుకున్నా 40 ఫెమ్టోవాట్లు అవుతుంది. మీరు ఎంతో జాగ్రత్తగా 1 నానోఆంపియర్‌కి తగ్గించుకున్న కరెంట్ కన్నా, మీరు అసలు పెట్టని కరెంటే నాలుగు రెట్లు వేడి చేస్తోందన్నమాట. ఇందులో ఇంకా మొబైల్ సిగ్నళ్లు, కంప్యూటర్లు, వాక్యూమ్ పంపుల డ్రైవర్ల నాయిస్ కలపలేదు.

అందుకే ఫిల్టర్లు మూడు అంచెల్లో కావాలి. గది ఉష్ణోగ్రతలో, ఫ్రిజ్ మూత మీది లోహపు పెట్టెలో, ప్రతి వైరుకీ ఒక పై-ఫిల్టర్ (గ్రీకు అక్షరం π ఆకారంలో కెపాసిటర్లు, ఇండక్టర్ అమర్చిన ఫిల్టర్). మిక్సింగ్ ఛాంబర్ (ఫ్రిజ్‌లో అన్నిటికన్నా చల్లని భాగం) దగ్గర ప్రతి వైరుకీ 1 కిలోఓము, 10 నానోఫారడ్‌ల ఆర్‌సీ ఫిల్టర్, కటాఫ్ సుమారు 16 కిలోహెర్ట్జ్. గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాల దగ్గర ఈ కెపాసిటర్లు కెపాసిటర్లలా పనిచేయవు కాబట్టి, శాంపిల్‌కి ఆనుకుని రాగి పొడి ఫిల్టర్ గానీ థర్మోకోక్స్ కేబుల్ (అధిక పౌనఃపున్యాలను పీల్చేసే సన్నని కేబుల్) గానీ మూడో అంచె. ఆపైన శాంపిల్ పెట్టె మూత కాంతి చొరకుండా బిగిసి ఉండాలి. పై అంచె నుంచి తొంగిచూసే 4 కెల్విన్ వికిరణం కూడా 50 మిల్లీకెల్విన్ ఫిల్మ్‌కి ఎక్కువే.

2019లో వెలువడిన ఒక పరిశోధన ఈ విషయాన్ని బల్లగుద్ది చెప్పింది. ఇండియం ఆక్సైడ్‌లోనూ, పలుచని నయోబియం డైసెలెనైడ్‌లోనూ, చల్లబరిచేకొద్దీ నిరోధం సున్నాకి పోకుండా ఒక విలువ దగ్గర ఆగిపోయే "లోహ స్థితి" కనబడింది. తగిన ఫిల్టర్లు పెట్టగానే ఆ ఆగిపోవడం మాయమైంది. 1990ల నుంచి ఎన్నో ఫిల్ముల్లో చూసిన లోహ స్థితులన్నీ ఇలాంటివేనని దీన్నిబట్టి అనలేం. కానీ ఫిల్టర్లు లేకుండా కొలిచి లోహ స్థితి అని రాస్తే ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

ఫిల్టర్లకు మూల్యం ఉంది. 10 నానోఫారడ్‌ల కెపాసిటర్ 10 హెర్ట్జ్ దగ్గర 1.6 మెగాఓముల పక్కదారి. శాంపిల్ 100 కిలోఓములు ఉన్నప్పుడు దశ కోణం 3.6 డిగ్రీలు తిరుగుతుంది, 1 మెగాఓముకు చేరేసరికి 32 డిగ్రీలు. అప్పుడు లాకిన్ (ఒకే పౌనఃపున్యం దగ్గరి ఏసీ సంకేతాన్ని ఏరి కొలిచే యాంప్లిఫయర్) చూపే అంకె నిరోధం కాదు. దాని రెండు ఛానెళ్లూ (కరెంట్‌తో ఒకే దశలో ఉన్నది, దానికి 90 డిగ్రీల తేడాతో ఉండే లంబ ఛానెల్) ఎప్పుడూ రికార్డు చేయండి. లంబ ఛానెల్ పదో వంతు దాటిన చోట ఏసీ కొలత ఆపి, డీసీ వోల్టేజ్ పెట్టి కరెంట్‌ని ట్రాన్స్‌ఇంపిడెన్స్ యాంప్లిఫయర్‌తో కొలిచే పద్ధతికి మారండి. సాధారణ లాకిన్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ 10 మెగాఓములేనని కూడా మరవకండి. శాంపిల్‌కీ లాకిన్‌కీ మధ్య 100 మెగాఓముల ఇన్‌పుట్ ఉన్న ప్రీయాంప్ పెట్టడం మేలు.

ఖండన బిందువు చుట్టుపక్కల నిరోధం కిలోఓముల్లోనే ఉంటుంది. అక్కడ ఏసీ పద్ధతి హాయిగా పనిచేస్తుంది. లాకిన్ నుంచి 0.1 వోల్ట్, దానికి వరుసలో 100 మెగాఓములు కలిపితే 1 నానోఆంపియర్. పౌనఃపున్యం 7 లేదా 13 హెర్ట్జ్‌లాంటిది తీసుకోండి. మెయిన్స్ పౌనఃపున్యానికీ దాని భాగాలకీ దూరంగా ఉంటే చాలు.

కొలత

క్షేత్రాన్ని స్థిరంగా ఉంచి ఉష్ణోగ్రత మార్చవచ్చు, ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచి క్షేత్రాన్ని మార్చవచ్చు. రెండోదే చేయండి. ఉష్ణోగ్రత జారుతున్నప్పుడు శాంపిల్‌కీ థర్మామీటర్‌కీ మధ్య ఎప్పుడూ కొంత ఎడం ఉంటుంది. స్థిరపడ్డాక క్షేత్రాన్ని నెమ్మదిగా నడిపితే ఆ ఎడం ఉండదు. ఉష్ణోగ్రతలను సమాన తేడాలతో కాకుండా సమాన నిష్పత్తిలో ఎంచుకోండి: 50, 70, 100, 140, 200, 280, 400 మిల్లీకెల్విన్లు. పై హద్దు, సున్నా క్షేత్రంలో ఫిల్మ్ అతివాహకమయ్యే ఉష్ణోగ్రతలో మూడో వంతు దాటకపోవడం మంచిది.

ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా కనీసం ఇరవై నిమిషాలు ఆగి, క్షేత్రాన్ని నిమిషానికి 0.05 టెస్లాకు మించకుండా మార్చండి. వేగం పెంచితే రాగి హోల్డర్‌లో సుడి ప్రవాహాలు పుట్టి వేడెక్కుతుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తీసిన వక్రాలు రెండూ ఒకదాని మీద ఒకటి పడాలి. పడకపోతే రెండు కారణాలుంటాయి. నిరోధం అతివాహకం వైపు పైకి, బంధకం వైపు కిందికి జరిగిందంటే అది వేడి. వక్రమంతా ఆకారం మారకుండా పక్కకు జరిగిందంటే అది అయస్కాంతంలో చిక్కుకున్న ఫ్లక్స్. ఫ్లక్స్ సమస్యకు విరుగుడు, అన్ని సమోష్ణ వక్రాలనూ ఒకే దిశలో, ఒకే మొదలు నుంచి తీయడం.

థర్మామీటర్ సాధారణంగా రుథీనియం ఆక్సైడ్‌ది. దానికీ క్షేత్రంతో నిరోధం మారుతుంది. అయస్కాంతపు నడిబొడ్డున పెట్టకుండా, క్షేత్రాన్ని రద్దు చేసిన చోట పెట్టి, మందమైన రాగి కడ్డీతో శాంపిల్‌కి కలపండి. ఇందులో ఒక విశేషం ఉంది. సందిగ్ధ క్షేత్రం దగ్గర నిరోధం ఉష్ణోగ్రతను బట్టి మారదు కదా, అందుకే థర్మామీటర్ తప్పు చూపినా ఖండన బిందువు చెక్కుచెదరదు. తప్పంతా ఆ వక్రాల నుంచి తర్వాత లెక్కగట్టే ఘాతాంకంలోకి దూరుతుంది. అందమైన ఖండన చూసి ఉష్ణోగ్రతలు సరైనవేనని నమ్మడానికి ఆస్కారం లేదన్నమాట.

ఇప్పుడు తప్పనిసరి పరీక్ష. అతి తక్కువ ఉష్ణోగ్రత దగ్గర, సందిగ్ధ క్షేత్రానికి అటు పది శాతం, ఇటు పది శాతం దూరంలో రెండు క్షేత్రాలు ఎంచుకోండి. కరెంట్‌ని సగం చేసి, రెట్టింపు చేసి నిరోధం చూడండి. మారకపోతే కొలత కరెంట్ నిర్దోషి. ఆ తర్వాత కరెంట్ ముట్టుకోకుండా, పై-ఫిల్టర్లు తీసి మళ్లీ కొలవండి. నిరోధం బాగా మారిందంటే నాయిస్ మీ శాంపిల్‌ని చేరుతోంది, ఫిల్టర్లు దాన్ని ఎంతో కొంత ఆపుతున్నాయి. అలాంటప్పుడు ఇంకో అంచె కలిపి మళ్లీ తేడా చూడండి. తేడా లేని దాకా ఇది ఆపకండి. 50, 70 మిల్లీకెల్విన్ వక్రాలు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయంటే, ఎలక్ట్రాన్లు 70 దగ్గరే ఆగిపోయాయని అనుమానించాలి. ఆ 50 వక్రాన్ని లెక్కలోకి తీసుకోకండి.

బంధకం లోతుల్లో కరెంట్-వోల్టేజ్ వక్రంలో ఒక్కసారిగా పదుల రెట్ల దూకుళ్లు కనబడతాయి. అవి కొత్త ప్రావస్థ అనుకుని కంగారుపడకండి. 2009లో ఒవాడియా, ససెపే, షహర్ చూపించినదాని ప్రకారం, అక్కడ ఎలక్ట్రాన్లు జాలక కంపనాల నుంచి తెగిపోయి వేరే ఉష్ణోగ్రతకు చేరుకుంటాయి. వేడి బయటికి పోయే రేటు ఉష్ణోగ్రత ఆరో ఘాతాన్ని అనుసరిస్తుంది. ఈ ఆరు అనే అంకెతో కింద మళ్లీ పని పడుతుంది.

ఖండన బిందువు, ఘాతాంకం

వక్రాలన్నీ ఒకే గ్రాఫ్‌లో గీసి "ఒకే చోట కలిశాయి" అనుకోవడం తేలిక. గ్రాఫ్‌ని పెద్దది చేయండి. పక్కపక్క ఉష్ణోగ్రతల జతలకు విడివిడిగా ఖండన లెక్కగట్టి పట్టిక రాయండి: 400-280 జత, 280-200 జత, ఇలా కిందిదాకా. ఆ విలువలు కొలత దోషం లోపల అటూ ఇటూ చెదిరితే ఒకే బిందువు. ఉదాహరణకు 5.02, 5.07, 5.13, 5.20 టెస్లాలుగా వరసగా ఒకే వైపు జరుగుతుంటే అది ఒకే బిందువు కాదు. సగటు తీసి ముందుకు పోకండి. 2015లో మూడు పరమాణు పొరల గాలియం ఫిల్మ్‌లో చూసింది ఇలాంటి జరుగుదలనే. ఒక్కో జత ఖండన దగ్గర వచ్చే ఘాతాంకం, ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ పెరుగుతూ పోయింది. దానికి క్వాంటమ్ గ్రిఫిత్స్ విశేషత అని పేరు. ఫిల్మ్‌లో అక్కడక్కడా మిగిలిన అతివాహక దీవులు మార్పును నెమ్మదిస్తాయి. మీ డేటా అలా ఉంటే ఒకే ఘాతాంకం కోసం ప్రయత్నించకుండా, ఘాతాంకాన్ని ఉష్ణోగ్రతతో పాటు గీయండి.

ఒకే బిందువు ఉందని తేలితే స్కేలింగ్‌కి వెళ్లొచ్చు. నిరోధం, క్షేత్రం సందిగ్ధ క్షేత్రానికి ఎంత దూరంలో ఉందో ఆ దూరాన్ని ఉష్ణోగ్రత యొక్క ఒక ఘాతంతో భాగించిన దాని మీదే ఆధారపడాలి. ఆ ఘాతం, జెడ్-న్యూ లబ్ధానికి విలోమం. న్యూ సహసంబంధ పొడవు ఘాతాంకం, జెడ్ కాలానికి సంబంధించిన ఘాతాంకం.

తేలికైన దారి వాలు పద్ధతి. ప్రతి సమోష్ణ వక్రానికీ సందిగ్ధ క్షేత్రం దగ్గర వాలు తీసి, వాలునీ ఉష్ణోగ్రతనీ లాగ్-లాగ్ కాగితం మీద గీయండి. ఉదాహరణకు 200 మిల్లీకెల్విన్ దగ్గర వాలు టెస్లాకు 3.2 కిలోఓములు, 100 దగ్గర 5.4 అనుకుందాం. నిష్పత్తి 1.69. ఉష్ణోగ్రత సగమైతే ఇంత పెరిగిందంటే ఘాతం 0.755, జెడ్-న్యూ 1.32. ఈ పద్ధతికి ఉన్న గొప్ప గుణం, గీత వంగితే వెంటనే తెలిసిపోతుంది. అందంగా కుప్పపడిన స్కేలింగ్ గ్రాఫ్ ఆ వంపును దాచేస్తుంది. అందుకే ఆ కొలాప్స్ గ్రాఫ్ (వక్రాలన్నీ ఒకే గీత మీద పడేది) తర్వాత గీయండి, వాలు గ్రాఫ్ ముందు.

కొలాప్స్‌కి కూడా ఘాతాన్ని ముందే ఊహించకండి. ప్రతి వక్రాన్నీ అడ్డంగా ఎంత సాగదీస్తే 400 మిల్లీకెల్విన్ వక్రం మీద పడుతుందో ఒక గుణకం వెతికి, ఆ గుణకాలను ఉష్ణోగ్రతతో గీయండి. సరళరేఖ వస్తేనే ఘాత సూత్రం. ఆ తర్వాత సందిగ్ధ క్షేత్రాన్ని దాని దోషం మేరకు అటూ ఇటూ జరిపి, కిటికీని (సందిగ్ధ క్షేత్రం చుట్టూ లెక్కలోకి తీసుకునే పరిధిని) 5, 10, 20 శాతాలుగా మార్చి, అతి తక్కువ, అతి ఎక్కువ ఉష్ణోగ్రతలను ఒక్కొక్కటిగా తీసేసి మళ్లీ లెక్కకట్టండి. వచ్చిన విలువల చెదురే మీ అసలు దోషం. ఫిట్టింగ్ ప్రోగ్రామ్ ఇచ్చే ప్లస్-మైనస్ దాని ముందు చాలా చిన్నది.

వచ్చిన అంకె ఏం చెబుతుంది? 1995లో యజ్దానీ, కపిటుల్నిక్ మాలిబ్డినమ్-జర్మేనియంలో 1.36 దగ్గర చూశారు. సంప్రదాయ పెర్కోలేషన్ (చెదురుమదురు వాహక మచ్చలు కలిసి ఈ చివర నుంచి ఆ చివరకు దారి ఏర్పడటం) ఇచ్చే 4/3కి ఇది దగ్గర. 7/3 దరిదాపుల్లో వస్తే క్వాంటమ్ పెర్కోలేషన్ అంటారు. బిస్మత్‌లో క్షేత్రంతో నడిపిన మార్పుకు 1998లో 0.7 వచ్చింది. క్రమరాహిత్యం ఉన్న రెండు మితుల వ్యవస్థలో న్యూ ఒకటి కన్నా తక్కువ ఉండకూడదన్న సైద్ధాంతిక హద్దుతో ఇది పొసగదు. ఆ చిక్కుముడి ఇంకా పూర్తిగా విడలేదు. మీకు 0.7 వస్తే తప్పు చేశామని దిద్దే పనికి పూనుకోకండి. పై పరీక్షలన్నీ నిలబడితే ఉన్నదున్నట్టు రాయండి.

సందిగ్ధ నిరోధం 6.45 కిలోఓములు రాలేదనీ దిగులు వద్దు. కూపర్ జంటలతో పాటు విడి ఎలక్ట్రాన్లు కూడా సమాంతరంగా కరెంట్ మోస్తే నిరోధం దానికన్నా కింద ఉంటుంది. మాలిబ్డినమ్-జర్మేనియంలో జరిగేది ఇదే. ఇండియం ఆక్సైడ్‌లో క్రమరాహిత్యం పెంచేకొద్దీ ఆ విలువకు దగ్గరవుతుంది.

జెడ్‌నీ న్యూనీ విడదీయాలంటే విద్యుత్ క్షేత్రపు స్కేలింగ్ కావాలి. అతి తక్కువ ఉష్ణోగ్రత దగ్గర కరెంట్ పెంచుతూ అదే పని చేస్తే, న్యూని (జెడ్ + 1)తో గుణించిన దాని విలోమం వస్తుంది. రెండు ఘాతాల నిష్పత్తి నుంచి జెడ్ బయటపడుతుంది. దీర్ఘ వ్యాప్తి కూలంబ్ బలం వల్ల జెడ్ 1 రావాలని అంచనా. ఉచ్చు ఇక్కడే ఉంది. కరెంట్ పెంచితే ఫిల్మ్ వేడెక్కడం వల్ల కూడా అచ్చం ఇలాంటి స్కేలింగే వస్తుంది. వేడి ఆరో ఘాతంతో పోతుంటే, ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత విద్యుత్ క్షేత్రపు మూడో వంతు ఘాతంతో పెరుగుతుంది. ఆ డేటాని కళ్లు మూసుకుని సూత్రంలో పెడితే జెడ్ సరిగ్గా 0.5 వస్తుంది. ఐదో ఘాతం అయితే 0.67. మీ జెడ్ ఈ రెండు అంకెల్లో దేనికి దగ్గరగా ఉన్నా, మీరు కొలిచింది క్వాంటమ్ సందిగ్ధత కాదు, వేడి.

మిగతా మార్గాలు

మందంతో నడపాలంటే ఎవాపరేటర్ క్రయోస్టాట్‌లోనే ఉండాలి. నానోమీటర్ మందపు జర్మేనియం పొర మీద, కొన్ని కెల్విన్ల దగ్గరున్న ఉపరితలం మీద, ఆంగ్‌స్ట్రామ్‌లో పదో వంతు చొప్పున బిస్మత్ వేస్తూ, ప్రతి అంచె తర్వాత కొలవాలి. మధ్యలో ఫిల్మ్ వేడెక్కితే పరమాణువులు కదిలి స్ఫటికమైపోతుంది, మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. గేట్ వోల్టేజ్‌తో నడపడానికి స్ట్రాన్షియం టైటనేట్ వాడతారు. తక్కువ ఉష్ణోగ్రతలో దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకం పదివేలు దాటుతుంది. ఇండియం ఆక్సైడ్‌లో క్షేత్రపు ప్రయోగం పూర్తయ్యాకే వీటి జోలికి వెళ్లండి.

ఆ శాంపిల్‌తోనే ఇంకో అడుగు మిగిలి ఉంది. ఫ్రిజ్ నుంచి తీసి, వాక్యూమ్‌లో 50 డిగ్రీల దగ్గర గది ఉష్ణోగ్రత నిరోధం పది శాతం తగ్గే దాకా ఉంచి, మళ్లీ చల్లబరచండి. సందిగ్ధ క్షేత్రం పైకి జరగాలి. అదే ఉష్ణోగ్రతల వరస, అదే కరెంట్, అదే దిశలో క్షేత్రంతో రెండో సెట్ తీసి, రెండు సెట్ల వాలు గ్రాఫులను ఒకే కాగితం మీద పెట్టండి. ఆ రెండు గీతలూ సమాంతరంగా ఉన్నాయో లేదో అక్కడ కంటితోనే చూడొచ్చు.